అదుపు తప్పి తినడాన్ని మదింపు చేయడం ఎలా: తొలి ప్రశ్న నుంచి నివేదిక దాకా

బింజ్ ఈటింగ్, అంటే తక్కువ వ్యవధిలో అదుపు తప్పి అతిగా తినడం, ఉందో లేదో తేల్చడానికి ఏ ప్రశ్నావళి మంచిదని కౌన్సెలర్లు, నర్సులు, పోషకాహార నిపుణులు, మనస్తత్వశాస్త్ర విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. ప్రశ్నావళి పేరు చెప్పడం తేలికే. దాన్ని ఎప్పుడు ఇవ్వాలి, దాని తరువాత ఏమి అడగాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి అన్నవే అసలు చిక్కులు. ఆ పని వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ మదింపులో ఎక్కువ బరువు మోసేది అదుపు గురించిన ప్రశ్న. ఎంత తిన్నారని అందరూ అడుగుతారు. తింటున్నప్పుడు ఆపగలిగే స్థితిలో ఉన్నారా అని అడిగేవారు తక్కువ. ఈ రెండిటినీ విడివిడిగా అడిగి, విడివిడిగా రాసుకోండి. సగం పొరపాట్లు అక్కడే తగ్గిపోతాయి.

మీకే ఈ ఇబ్బంది ఉందేమోనన్న అనుమానంతో చదువుతుంటే 6వ అంచెలోని నమోదు పట్టికను ఒకటి రెండు వారాలు నింపి, దాన్ని వైద్యుడికో మానసిక నిపుణుడికో చూపించండి. నిర్ధారణ భారం మీ మీద వేసుకోవద్దు.

## 1. ముందు రెండు గీటురాళ్లు తేల్చుకోండి

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం బింజ్ అనడానికి రెండు లక్షణాలు కలిసి ఉండాలి.

- పరిమాణం: ఒక పరిమిత వ్యవధిలో, ఉదాహరణకు 2 గంటల లోపు, అలాంటి పరిస్థితిలో చాలామంది తినే దానికంటే నిస్సందేహంగా ఎక్కువ తినడం.
- అదుపు: ఆ సమయంలో తినడం ఆపలేకపోతున్నాననో, ఏమి తింటున్నానో, ఎంత తింటున్నానో తన చేతిలో లేదనో అనిపించడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ఇక్కడ కొంత వేరుగా నడుస్తుంది. తిన్నది బయటివారి కంటికి పెద్ద మొత్తంగా కనిపించాలన్న షరతు అందులో లేదు. అదుపు తప్పిందన్న అనుభవం ఉండి, ఎప్పటికంటే ఎక్కువగా గాని, గమనించదగినంత వేరుగా గాని తింటే చాలు.

అందుకే మీరు ఏ ప్రమాణం ప్రకారం పని చేస్తున్నారో మొదటి రోజే మీ పత్రం పైభాగంలో రాసుకోండి. ఒకే మనిషికి ఒక ప్రమాణం ప్రకారం నిర్ధారణ వచ్చి, మరో దాని ప్రకారం రాకపోవచ్చు. నివేదిక చదివేవారికి అది తెలియాలి.

## 2. తయారీ

ఈ ఇబ్బందితో వచ్చేవారిలో సిగ్గు చాలా లోతుగా ఉంటుంది. ఏళ్ల తరబడి దాచుకున్న విషయం గురించి మొదటిసారి నోరు విప్పుతున్నారు. గది, సమయం, మాట తీరు ముందే సిద్ధం కాకపోతే సగం సమాచారం బయటకు రాదు.

సమయం కనీసం ఒక గంట ఉంచుకోండి. కుటుంబ సభ్యులు వెంట వచ్చినా కొంతసేపు విడిగా మాట్లాడండి. బరువు చూడటంతో మొదలుపెట్టవద్దు. తూకం యంత్రం ఎక్కగానే చాలామంది మాట ముడుచుకుపోతుంది. బరువు అవసరమైనప్పుడు అనుమతి అడిగి, చివర్లో చూడండి.

పైకి కనిపించే ఆకారాన్ని బట్టి అంచనా కట్టవద్దు. బింజ్ ఈటింగ్ ఏ శరీర బరువులోనైనా ఉండవచ్చు. లావుగా ఉన్నవారందరికీ ఇది ఉండదు, సన్నగా ఉన్నవారికి లేదని చెప్పడానికీ వీల్లేదు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి:

- గడచిన 28 రోజుల ఖాళీ క్యాలెండర్, అంతకు ముందు 2 నెలలకు మరో పేజీ
- పరిమాణం చూపించడానికి కొన్ని గిన్నెలు, గ్లాసులు, చెంచాలు లేదా వాటి ఫోటోలు
- మీరు వాడబోయే ప్రశ్నావళి, దాన్ని లెక్కించే పద్ధతి
- ఆత్మహత్య ఆలోచనలు బయటపడితే ఎవరిని సంప్రదించాలో రాసి ఉన్న కాగితం
- గోప్యత గురించి, దానికి ఉన్న హద్దుల గురించి చెప్పవలసిన రెండు మూడు వాక్యాలు

ఆ గోప్యత వాక్యాలు ముందే చెప్పండి. "మీరు చెప్పేది మన మధ్యే ఉంటుంది. మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సహాయం కోసం ఇంకొకరికి చెప్పవలసి వస్తుంది" అన్నంత సూటిగా చెబితే చాలు.

## 3. తొలి వడపోత

వడపోత ప్రశ్నలకు నిర్ధారణ చేసే శక్తి లేదు. ఇంకా లోతుగా అడగాలా వద్దా అన్నదే అవి చెబుతాయి.

ఎక్కువగా వాడుకలో ఉన్నది స్కాఫ్. 1999లో వెలువడిన ఈ సాధనంలో 5 ప్రశ్నలుంటాయి. రెండు లేదా అంతకంటే ఎక్కువ "అవును"లు వస్తే ముందుకు వెళ్లాలి. అయితే దాన్ని ప్రధానంగా అనొరెక్సియా (బరువు పెరుగుతుందన్న భయంతో తిండి బాగా తగ్గించుకోవడం), బులీమియా (బింజ్ తరువాత వాంతి వంటివి చేసుకోవడం) అనే రుగ్మతలను పట్టడానికి రూపొందించారు. కడుపు ఇబ్బందిగా నిండాక వాంతి చేసుకోవడం, 3 నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గడం వంటివి అడుగుతుంది. వాంతి చేసుకోకుండా, బరువు తగ్గకుండా బింజ్‌తో బాధపడేవారు ఈ జల్లెడలోంచి జారిపోతారు. స్కాఫ్ ఖాళీగా వచ్చింది కాబట్టి బింజ్ లేదని రాయడం తప్పు.

పెద్దవారిలో బింజ్ ఈటింగ్ కోసమే తయారైనది బీఈడీఎస్-7. గత 3 నెలల్లో అతిగా తిన్న సందర్భాలు ఉన్నాయా అన్న ప్రశ్నతో మొదలై, బాధ, అదుపు, సిగ్గు, వాంతి వంటి వాటిని 7 ప్రశ్నల్లో ముగిస్తుంది. రద్దీగా ఉండే క్లినిక్కుల్లో ఇది నయం.

ఏ సాధనమూ చేతిలో లేకపోతే ఈ రెండు ప్రశ్నలు అడగండి:

- "తినడం మొదలుపెట్టాక ఆపలేకపోయాననిపించిన సందర్భాలు ఈ 3 నెలల్లో ఉన్నాయా?"
- "ఉంటే, వాటి వల్ల మీకు మనసులో బాధ కలుగుతోందా?"

రెండింటికీ "అవును" వస్తే తరువాతి అంచెకు వెళ్లండి.

## 4. ప్రశ్నావళి ఎంచుకోవడం

ఏది కొలవాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఎంచుకోండి. అన్నీ ఒకేసారి ఇస్తే మనిషి అలసిపోయి, చివరి పేజీలో చూడకుండా గీతలు పెడతారు.

ఈడీఈ-క్యూ. 5వ అంచెలో వచ్చే ఈడీఈ ముఖాముఖికి ప్రశ్నావళి రూపం. 28 ప్రశ్నలు, గడచిన 28 రోజుల గురించి. తిండిని కట్టడి చేసుకోవడం, తిండి గురించిన ఆందోళన, శరీరాకృతి, బరువు అనే 4 విభాగాలకు 0 నుంచి 6 దాకా మార్కులు వస్తాయి. అసాధారణంగా ఎక్కువ తిన్న సందర్భాలు ఎన్ని, వాటిలో అదుపు తప్పినవి ఎన్ని, అలా జరిగిన రోజులు ఎన్ని అని మూడు ప్రశ్నలు విడిగా అడుగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. బింజ్ సంఖ్యలు ఆ మొత్తం మార్కులో కలవవు. మొత్తం మార్కు తక్కువగా ఉండి, వారానికి ఎన్నో బింజ్‌లు ఉన్నవారు కనిపిస్తారు. ఈడీఈ-క్యూ చేతికి రాగానే ముందు ఆ మూడు సంఖ్యల దగ్గరకు వెళ్లండి.

బింజ్ ఈటింగ్ స్కేల్. 1982 నాటిది. 16 అంశాలు, 0 నుంచి 46 దాకా మార్కులు. 17 లేదా అంతకంటే తక్కువ వస్తే సమస్య లేదనో స్వల్పమనో, 18 నుంచి 26 అయితే మధ్యస్థమనో, 27 లేదా అంతకంటే ఎక్కువైతే తీవ్రమనో చదువుతారు. తిండి చుట్టూ ఉన్న భావాలను, అపరాధ భావనను బాగా పడుతుంది. ఎన్నిసార్లు జరిగిందో మాత్రం లెక్కపెట్టదు. కాబట్టి దీని ఒక్కదానితో నిర్ధారణ రాయలేం.

లాస్ ఆఫ్ కంట్రోల్ ఓవర్ ఈటింగ్ స్కేల్. 2014లో వచ్చింది. 24 అంశాలది ఒకటి, 7 అంశాల చిన్నది మరొకటి. గత 4 వారాల్లో అదుపు ఎంత తరచుగా తప్పిందో 1 నుంచి 5 దాకా గుర్తించాలి. తిన్న మొత్తంతో సంబంధం లేకుండా అదుపును మాత్రమే చూడాలంటే నేను మొదట తీసేది దీన్నే.

క్యూఈడబ్ల్యూపీ-5. డీఎస్ఎం-5 షరతులకు అనుగుణంగా మార్చిన ప్రశ్నావళి. ప్రమాణంలోని ఒక్కో అంశాన్నీ వరుసగా తడుముతుంది కనుక ముఖాముఖికి ముందు ఇవ్వడానికి పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. వీటిని మీ అంతట మీరు మరో భాషలోకి మార్చి వాడితే, అసలు ప్రశ్నావళికి నిర్ణయించిన హద్దు మార్కులు దానికి వర్తిస్తాయని అనుకోవద్దు. అలాంటప్పుడు జవాబులను సంభాషణకు ఆధారంగా వాడండి, మార్కును తీర్పుగా వాడవద్దు.

## 5. ముఖాముఖి: అసలు పని ఇక్కడే

ప్రశ్నావళి నింపే మనిషికి "అసాధారణంగా ఎక్కువ" అంటే ఎంతో ఎవరూ చెప్పరు. తిండిని గట్టిగా కట్టడి చేసుకునేవారు రెండు బిస్కెట్లు తిని బింజ్ అని రాస్తారు. ఏళ్లుగా ఇలాగే తింటున్నవారు ఒక పెద్ద బింజ్‌ను మామూలు రాత్రి భోజనంగా భావించి వదిలేస్తారు. బింజ్ సంఖ్య విషయంలో ప్రశ్నావళికి, ముఖాముఖికి తరచూ పొంతన కుదరకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఫెయిర్‌బర్న్, కూపర్ రూపొందించిన ఈటింగ్ డిజార్డర్ ఎగ్జామినేషన్, అంటే ఈడీఈ, ఈ రంగంలో ప్రామాణిక ముఖాముఖిగా నిలిచింది. దాన్ని పూర్తిగా వాడటానికి శిక్షణ కావాలి. దాని పద్ధతిని మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

### 5.1 క్యాలెండర్ నింపండి

28 రోజుల పేజీని ఇద్దరికీ కనిపించేలా పెట్టండి. ముందు తిండి మాట ఎత్తకుండా ఆ రోజుల్లో జరిగినవి రాయించండి: ప్రయాణం, జ్వరం, పరీక్ష, గొడవ, సెలవు, విందు. ఇవి జ్ఞాపకానికి మేకుల్లా పనిచేస్తాయి. "నెలకు ఎన్నిసార్లు?" అని గాలిలో అడిగితే గుండ్రటి అంకె వస్తుంది. "ఆ ప్రయాణం నుంచి వచ్చిన రాత్రి ఎలా గడిచింది?" అంటే జ్ఞాపకం వస్తుంది.

### 5.2 చివరి విడతతో మొదలుపెట్టండి

సగటు అడగకండి. ఒక్క సందర్భం తీసుకుని మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా నడిపించండి. సంభాషణ ఇలా సాగవచ్చు:

— చివరిసారి ఇలా జరిగింది ఎప్పుడు?
— మొన్న రాత్రి.
— అప్పుడు ఎక్కడ ఉన్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?
— ఇంట్లోనే. అందరూ పడుకున్నారు.
— దేనితో మొదలైంది?
— రెండు బిస్కెట్లు తిందామనుకున్నానండి. ప్యాకెట్ అయిపోయింది. ఇంకోటి తెరిచాను.
— రెండోది తెరిచేటప్పుడు మనసులో ఏముంది?
— వద్దు వద్దనే అనుకుంటున్నాను. చేయి ఆగలేదు.
— ఆ సమయంలో ఎవరైనా గదిలోకి వచ్చి ఉంటే?
— దాచేసేదాన్ని. వాళ్లు వెళ్లాక మళ్లీ తీసేదాన్ని.

చివరి జవాబు విని "ఆపగలిగారు కదా, అదుపు ఉన్నట్టే" అని రాసేవారున్నారు. అది సరికాదు. ఎవరైనా వచ్చినప్పుడు ఆగిపోవడం అదుపు ఉందనడానికి రుజువు కాదు. అదుపు తప్పడమంటే అది పూర్తిగా పోవడమే కానక్కరలేదని డీఎస్ఎం-5 కూడా గుర్తించింది.

### 5.3 పరిమాణం

ఏమి తిన్నారో, ఎంత తిన్నారో ఒక్కొక్కటిగా రాయండి. "చాలా" అన్న మాటను అలాగే వదిలేయకండి. ఏ సైజు ప్యాకెట్, ఎన్ని గిన్నెలు, చివర్లో ఎంత మిగిలింది?

తరువాత పరిస్థితితో పోల్చండి. విందులో అందరితో కలిసి ఎక్కువ తినడం వేరు, రాత్రి ఒంటరిగా అంతే తినడం వేరు. పోలిక ఎప్పుడూ అదే పరిస్థితిలో ఉన్న ఇతరులతోనే. తరువాత వాంతి చేసుకున్నారా అన్నది పరిమాణం లెక్కను మార్చదు.

ఎక్కువో కాదో తేల్చుకోలేకపోతే ఈడీఈ నియమం స్పష్టంగా ఉంది: అనుమానం ఉంటే "పెద్ద మొత్తం" అని రాయకూడదు. ఇది కఠినంగా అనిపించవచ్చు. అదుపు గురించి విడిగా రాస్తున్నారు కాబట్టి ఆ మనిషి బాధ ఎక్కడికీ పోదు.

### 5.4 అదుపు

"అదుపు తప్పిందా?" అని నేరుగా అడిగితే కొందరు అర్థం కాక "లేదు" అంటారు. ఇలా పక్క దారుల నుంచి రండి:

- మొదలుపెట్టకుండా ఉండగలిగేవారా?
- సగంలో ఆపాలనుకుంటే ఆపగలిగేవారా?
- ఇంత తినాలని ముందే అనుకున్నారా, లేక తింటూ పోయారా?
- తింటున్నప్పుడు రుచి తెలిసిందా, యాంత్రికంగా సాగిందా?
- ఆపింది మీరా, లేక తిండి అయిపోయిందా, కడుపు నొప్పి వచ్చిందా?

రెండు రకాల జవాబుల దగ్గర జాగ్రత్త. మొదటిది: "ఆపాలని ప్రయత్నించడం ఎప్పుడో మానేశాను." పోరాటం లేదు కనుక అదుపు ఉందని అనుకోవద్దు. ఎలాగూ జరుగుతుందని వదులుకున్నవారిలో అదుపు తప్పినట్టే లెక్క. రెండోది: "ముందే అనుకుని, కొనుక్కొచ్చి తిన్నాను." పథకం వేసుకున్నంత మాత్రాన అదుపు ఉన్నట్టు కాదు. మొదలయ్యాక ఆపగలిగేవారా అని అడగండి.

"ఉంది, లేదు" అన్న రెండే గడులు సరిపోనప్పుడు 0 నుంచి 10 దాకా అంకె అడిగి పక్కన రాసుకోండి. అదుపు కొద్దిగా సడలడం, పూర్తిగా తెగిపోవడం ఒకటి కాదు.

### 5.5 నాలుగు గడుల్లో పెట్టండి

ప్రతి విడతనూ వీటిలో ఒకదానిలో వేయండి:

- పెద్ద మొత్తం, అదుపు తప్పింది: వస్తునిష్ఠ బింజ్. డీఎస్ఎం-5 లెక్కకు వచ్చేది ఇదే.
- పెద్ద మొత్తం కాదు, అదుపు తప్పింది, తనకు మాత్రం అతిగా తిన్నట్టుంది: వ్యక్తినిష్ఠ బింజ్. ఐసీడీ-11 దీన్నీ పట్టించుకుంటుంది.
- పెద్ద మొత్తం, అదుపులోనే ఉంది: అతిగా తినడం మాత్రమే.
- పెద్ద మొత్తం కాదు, అదుపులోనే ఉంది, తనకు మాత్రం అతి అనిపించింది: ఇక్కడ చూడవలసింది తిండి గురించిన కఠిన నియమాలను.

రెండో గడిని చిన్నచూపు చూడకండి. తక్కువే తిన్నారు కదా అని కొట్టిపారేస్తే ఆ మనిషి మళ్లీ నోరు తెరవరు. మామూలు భోజనమంత తిని నరకం అనుభవించానని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు.

### 5.6 లెక్కించే నియమాలు

తినడం మధ్యలో గంట లేదా అంతకంటే ఎక్కువ విరామం వస్తే మొదటి విడత ముగిసినట్టు లెక్కించండి. ఆ విరామంలో వాంతికి పట్టిన సమయాన్ని కలపవద్దు. ఒక చోట మొదలై మరో చోట కొనసాగినా విడత ఒకటే కావచ్చు. రోజంతా కొంచెం కొంచెంగా నములుతూ ఉండటం బింజ్ కాదు, దాన్ని వేరుగా రాయండి.

విడతల సంఖ్య, రోజుల సంఖ్య రెండూ రాయండి. ఒకే రోజు మూడుసార్లు జరగడానికి, మూడు రోజుల్లో ఒక్కోసారి జరగడానికి చికిత్సలో తేడా ఉంటుంది. 28 రోజులు అయ్యాక అంతకు ముందు 2 నెలలకు స్థూలంగానైనా అదే చేయండి. 3 నెలల షరతు తేలాలంటే అది తప్పదు.

## 6. రోజువారీ నమోదు

జ్ఞాపకం మసకబారుతుంది. వీలైతే ముఖాముఖి తరువాత ఒకటి రెండు వారాలు రాయించండి. తిన్న వెంటనే రాయాలి. రాత్రి పడుకునే ముందు రోజంతా ఒకేసారి రాస్తే ప్రయోజనం సగానికి పడిపోతుంది.

పట్టికలో ఉండవలసిన గడులు:

- సమయం, చోటు, పక్కన ఎవరున్నారు
- ఏమి, ఎంత
- తనకు అతి అనిపిస్తే ఒక నక్షత్రం గుర్తు
- అదుపు ఎంత తప్పింది: 0 నుంచి 10
- వాంతి, విరేచనాల మందు, మరీ ఎక్కువ వ్యాయామం
- అంతకు ముందు, ఆ తరువాత మనసు ఎలా ఉంది
- చివరిసారి తిని ఎన్ని గంటలైంది

ఈ చివరి గడి చాలా పట్టికల్లో కనిపించదు. నాకు మాత్రం అదే ముఖ్యం. పగలంతా తినకుండా ఉండి రాత్రి బింజ్‌లోకి జారేవారి వరుస ఆ ఒక్క గడి వల్లే కళ్ల ముందుకు వస్తుంది.

కేలరీలు రాయించవద్దు. అంకెల మీద ఇప్పటికే మనసు చిక్కుకుపోయినవారికి అది హాని చేస్తుంది.

రాయడం మొదలుపెట్టగానే బింజ్‌లు తగ్గడం సహజం. తనను తాను గమనించుకోవడమే ప్రవర్తనను కొంత మారుస్తుంది. అందువల్ల మొదటి వారం సంఖ్యను క్యాలెండర్‌తో పోల్చకుండా ఖాయం చేయకండి.

పరిశోధనల్లో ఫోనుకు రోజులో పలుమార్లు సందేశం పంపి, ఆ క్షణంలోని మనసును, తిండిని నమోదు చేయించే పద్ధతి వాడతారు. ప్రయోగశాలలో భోజనం పెట్టి తూకం వేసి చూసే పద్ధతీ ఉంది. రెండూ మంచి సమాచారం ఇస్తాయి, మామూలు క్లినిక్‌కు అవసరం లేదు.

## 7. ప్రత్యేకంగా చూడవలసినవారు

పిల్లలు. ఎదిగే వయసులో ఎంత తింటే ఎక్కువో చెప్పడం కష్టం. పైగా చిన్నపిల్లలు తమ తిండిని తామే ఎంచుకోలేరు. అందుకే వీరిలో పరిమాణాన్ని పక్కన పెట్టి అదుపునే ప్రధానంగా చూడటం మంచిది. "బ్రేకులు పట్టని బండిలా అనిపించిందా?" వంటి ప్రశ్న వారికి అర్థమవుతుంది. తల్లిదండ్రుల జవాబు, పిల్లల జవాబు తరచూ కలవవు. రెండూ రాయండి, ఒకదానితో రెండోదాన్ని కొట్టివేయవద్దు. ఈడీఈకి పిల్లల కోసం మార్చిన రూపం కూడా ఉంది.

జీర్ణాశయ పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారు. పెద్ద మొత్తం తినడం శరీరానికే సాధ్యం కాదు. పరిమాణం షరతు పట్టుకుని కూర్చుంటే వీరి ఇబ్బంది ఎప్పటికీ కనబడదు. అదుపు ఒక్కటే ఆధారం.

మధుమేహం ఉన్నవారు. టైప్-1 మధుమేహంలో బరువు తగ్గడం కోసం ఇన్సులిన్ మానేయడం లేదా తగ్గించడం జరుగుతుంది. ఇది ప్రాణాపాయం. నింద లేని గొంతుతో, కానీ తప్పకుండా అడగండి.

పురుషులు. ఎక్కువ తినడం ఆకలికి గుర్తనో, బలానికి గుర్తనో చుట్టూ ఉన్నవారు అనుకోవడం వల్ల వీరిని అడిగేవారే ఉండరు. అందరికీ వేసే ప్రశ్నలే వీరికీ వేయండి.

## 8. చుట్టూ ఉన్న విషయాలు

బింజ్ ఉందని తేలినా పని ముగియదు. బింజ్ తరువాత వాంతి, విరేచనాల మందులు, ఉపవాసం, మితిమీరిన వ్యాయామం పదే పదే జరుగుతుంటే చూడవలసినది బులీమియా. వాంతులు, విరేచనాల మందులు ఉన్నవారికి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ దెబ్బతినవచ్చు. వారిని ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు పంపండి.

అడగవలసిన మిగతావి:

- మందులు: ఒలాంజపిన్, క్లోజపిన్, మిర్టాజపిన్, స్టెరాయిడ్‌లు ఆకలి పెంచుతాయి. తిండి తీరు మారిన తేదీని మందు మొదలైన తేదీ పక్కన పెట్టి చూడండి.
- నిద్ర: రాత్రి లేచి తినేవారిలో మెలకువగా ఉండి తింటున్నారా, ఉదయానికి ఏమీ గుర్తుండటం లేదా? గుర్తులేకపోతే నిద్రకు సంబంధించిన సమస్య కావచ్చు. జోల్పిడెమ్ అనే నిద్రమందు వాడేవారిలో ఇది కనిపిస్తుంది.
- మనసు: దిగులు, ఆందోళన, మద్యం, ఏకాగ్రత లోపం.
- ఆత్మహత్య ఆలోచనలు: నేరుగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవారికి చెప్పుకునే దారి దొరుకుతుంది.
- శరీరం: రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వుల పరీక్షలు వైద్యుడి నిర్ణయం ప్రకారం.

## 9. నిర్ధారణ, నివేదిక

డీఎస్ఎం-5 ప్రకారం బింజ్ ఈటింగ్ డిజార్డర్ అనడానికి ఇవన్నీ ఉండాలి:

- వస్తునిష్ఠ బింజ్‌లు సగటున వారానికి కనీసం ఒకటి, 3 నెలల పాటు
- ఈ ఐదింటిలో కనీసం మూడు: మామూలుకంటే చాలా వేగంగా తినడం, కడుపు ఇబ్బందిపడే దాకా తినడం, ఆకలి లేకుండా ఎక్కువ తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తరువాత తన మీద తనకు అసహ్యం, దిగులు లేదా తీవ్ర అపరాధ భావన
- బింజ్ వల్ల గట్టి మానసిక బాధ
- బింజ్ తరువాత పదే పదే వాంతి వంటి పరిహార చర్యలు లేకపోవడం
- అనొరెక్సియా, బులీమియాల నడుమ మాత్రమే జరిగేది కాకపోవడం

తీవ్రతను వారానికి ఎన్ని విడతలో దాన్ని బట్టి చెబుతారు: 1 నుంచి 3 స్వల్పం, 4 నుంచి 7 మధ్యస్థం, 8 నుంచి 13 తీవ్రం, 14 లేదా అంతకు పైన అతి తీవ్రం. జీవితం దెబ్బతిన్న తీరును బట్టి ఒక మెట్టు పైకి జరపవచ్చు.

నివేదికలో "బింజ్ ఉంది" అని ఒక్క ముక్కలో రాయకండి. ఇలాంటి వాక్యాలు పనికొస్తాయి: "గత 28 రోజుల్లో 6 రోజుల్లో 8 వస్తునిష్ఠ బింజ్‌లు, 5 వ్యక్తినిష్ఠ బింజ్‌లు. ఎక్కువ భాగం రాత్రి, ఒంటరిగా, 7 గంటలకు పైగా తినని రోజుల్లో. పరిహార చర్యలు లేవు. సమాచారం: ముఖాముఖి, 10 రోజుల నమోదు." చికిత్స చేసేవారు ఈ నాలుగు వాక్యాలతో పని మొదలుపెట్టగలరు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

మార్కునే నిర్ధారణగా రాయడం. హద్దు దాటిన ప్రతి మార్కు వెనుక కనీసం ఒక విడతను పూర్తిగా వినండి.

"తిండిపోతు", "బలహీనత", "మోసం చేశారు" వంటి మాటలు. ఆ మనిషే తన గురించి అలా అన్నా మీరు తిరిగి పలకవద్దు. "అదుపు తప్పిన విడత" అనండి.

అంకె వినగానే ముఖంలో ఆశ్చర్యం. మీ కనుబొమలు కదిలితే తరువాతి విడతలు చిన్నవైపోతాయి. తిన్నది ఎంత చెప్పినా అదే గొంతుతో "ఆ తరువాత?" అనండి.

జవాబును నోట్లో పెట్టడం. "అప్పుడు బాగా అపరాధ భావన కలిగి ఉంటుంది కదా?" అని అడిగితే "అవును" అనే వస్తుంది. "ఆ తరువాత ఎలా అనిపించింది?" అని అడిగి ఆగండి.

మొదటి సమావేశంలోనే సలహాలు. ఆహార నియమాలు చెప్పడం మొదలుపెట్టగానే అవతలివారు మీకు నచ్చే జవాబులు చెప్పసాగుతారు. మదింపు పూర్తయ్యేదాకా సలహా ఆపుకోండి. ప్రాణాపాయం ఉన్న సందర్భం మాత్రం వేరు.

"లేదు" అన్న జవాబును అక్కడే మూసేయడం. అనుమానం బలంగా ఉంటే తరువాతి సమావేశంలో వేరే మాటలతో మళ్లీ అడగండి. నమ్మకం కుదిరాక జవాబు మారడం మామూలే.

## 11. మళ్లీ కొలిచేటప్పుడు

మొదట వాడిన సాధనమే, మొదట చూసిన 28 రోజుల వ్యవధే వాడండి. మధ్యలో ప్రశ్నావళి మారిస్తే తేడా మనిషిలో వచ్చిందో కాగితంలో వచ్చిందో తెలియదు. రెండు కొలతలకు నడుమ కనీసం 4 వారాలు ఉంచండి. లేకపోతే అవే రోజులు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి.

రెండో కొలతలో వస్తునిష్ఠ బింజ్‌లు తగ్గి, వ్యక్తినిష్ఠ బింజ్‌లు అలాగే ఉండటమో పెరగడమో చూస్తే మొత్తం కలిపి "మెరుగు" అని రాయవద్దు. తినే మొత్తం తగ్గింది, అదుపు తప్పడం ఇంకా తగ్గలేదు. ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసి, ఆ మనిషికీ చూపించి, చికిత్స బృందానికి అదే రూపంలో పంపండి.